ఎంగిలి పొగ

మా అమ్మకు కారు తోలడం చేతకాదని మా ఇంట్లో ఏనాడో తీర్మానమైపోయింది. ప్రవేశపెట్టింది మా నాన్న. బలపరిచింది ఎదురింటి డాబా మీద నిలబడి వినోదం చూసే ముగ్గురు. తలూపి ఒప్పుకున్నది మా అమ్మ. నాకు ఒళ్ళు మండింది ఆ చివరి ముక్కకే. నాన్న అనడంలో వింతేమీ లేదు, రోజుకొకరిని ఆటపట్టించకపోతే ఆయనకు తిన్నది అరగదు. అమ్మ ఒప్పుకోవడమేమిటి?

అది కూడా ఫోన్లో, ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా చెప్పింది.

"కొండ మీది ఆస్పత్రికి నేను రాలేనని శనివారం చెప్పేస్తున్నానే."

"ఎందుకమ్మా?"

"కారు నా చేతిలో ఆగిపోతోంది. ఊళ్ళో అయితే ఎవరో ఒకరు తోస్తారు. కొండ మీద ఎవరొచ్చి తోస్తారు?"

ఆ కొండ సంగతి చెప్పాలి. అమ్మ పెద్దాస్పత్రిలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరే పై కుర్చీలు ఎక్కారు గాని ఈమె మాత్రం మైక్రోస్కోపు ముందు నుంచి కదల్లేదు. ఇన్నేళ్ళకు ఆస్పత్రివాళ్ళు కొండ మీద కొత్త భవనం కట్టి, అక్కడి ల్యాబు మొత్తం ఆమె చేతికిస్తామన్నారు. బస్సు కొండ కిందే ఆగిపోతుంది. పైకి వెళ్ళాలంటే సొంత బండి ఉండాలి. అందుకోసమే అమ్మ డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళింది, మొదటి పరీక్షలోనే లైసెన్సు తెచ్చుకుంది. శనివారం మధ్యాహ్నంలోపు పైకి వెళ్ళి సంతకం పెట్టాలి. లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది.

"స్కూలు కారు నీ చేతిలో ఎప్పుడైనా ఆగిందా?" అని అడిగాను.

"లేదే."

"మరి?"

"ఆ కార్లో పక్కన మాస్టారికి కూడా పెడళ్ళుంటాయి కదా. అన్నీ ఆయనే తొక్కి ఉంటాడంటున్నారు మీ నాన్న."

నేను ఒంటికాలి మీద లేచాను. ఊరికి ఆ చివర నాకు సొంత గ్యారేజీ ఉంది. ఇంజన్ ఆగిపోయిందంటే ఎందుకు ఆగిందో కనిపెట్టి చెప్పడం నా బతుకుతెరువు. ఊరందరి కార్లూ నా గుమ్మం తొక్కాయి గాని మా ఇంటి కారు తొక్కలేదు. ఎందుకంటే, కారుకు జబ్బు లేదు, తోలేవాళ్ళకే ఉందని నాన్న నమ్మకం. ఆ సాయంత్రమే దుకాణం మూసి వాళ్ళింటికి వెళ్ళాను.

"ఏమిటే మేస్త్రీ, పిలవని పేరంటానికి వచ్చావు?" అన్నాడు నాన్న వాకిట్లోంచే.

"తాళాలు ఇలా ఇవ్వు. ముందు నువ్వు తోలు, తర్వాత అమ్మ తోలుతుంది. నేను వెనకాల కూర్చుని చూస్తాను."

నాన్న స్టీరింగ్ ముందు కూర్చుంటే ముఖం వెలిగిపోతుంది. నేను రెండు సీట్ల మధ్య నుంచి తల ముందుకు పెట్టి ఆయన కాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను. సిగ్నల్ దగ్గర కారు నిలబడింది. నాన్న కుడికాలు మాత్రం నిలబడలేదు. యాక్సిలరేటర్ మీద దరువు వేస్తూనే ఉంది. ఇంజన్ ఊమ్, ఊమ్ అంటూ మూలుగుతోంది.

"అదేమిటి నాన్నా?"

"ఇంజన్ను నిద్రపోనివ్వకూడదే. నా మొదటి స్కూటరప్పటి నుంచీ నాది అదే పద్ధతి. చూశావుగా, ఆగిందా? నా చేతిలో గుర్రంలా పోతుంది."

తర్వాత అమ్మ కూర్చుంది. అద్దాలు సరిచేసుకుంది, బెల్టు పెట్టుకుంది, మెత్తగా కదిలించింది. రెండో కూడలి దగ్గర ఎర్రలైటు పడింది. అమ్మ క్లచ్ తొక్కి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసి, బ్రేకు మీద పెట్టింది. నేర్పినవాడు ఎలా నేర్పాడో అచ్చం అలాగే. ఇంజన్ వేగం చూపే ముల్లు కిందికి జారింది, కారు ఒళ్ళంతా వణికింది, ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"అదిగో! చూశావా?" అన్నాడు నాన్న.

అమ్మ మళ్ళీ స్టార్ట్ చేసింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. సరిగ్గా అప్పుడు నాకు నవ్వొచ్చింది.

"నువ్వు కూడా నవ్వుతున్నావటే?" అంది అమ్మ. ఆ గొంతు విని నవ్వు ఆపేశాను.

"నిన్ను చూసి కాదమ్మా. ఈ ఇంట్లో కారు తోలడం వచ్చింది నీ ఒక్కదానికే. నువ్వు సరిగ్గా తోలుతున్నావు కాబట్టే ఆగిపోతోంది. నాన్న దాన్ని కుదురుగా నిలబడనివ్వడు, ఇంక దాని రోగం బయటపడేదెలా?"

నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇదెక్కడి చోద్యమే!" అన్నాడు. నేను మాత్రం అప్పటికే మనసులో బానెట్ ఎత్తేశాను.

మర్నాడు శుక్రవారం పొద్దున్నే కారు నా గ్యారేజీలో ఉంది. అమ్మ సెలవు పెట్టింది. నాన్నను ఎవరూ రమ్మనలేదు గాని వచ్చాడు. నేను అనుకున్నది అనుకున్నట్టే దొరికింది. ఇంజన్ పక్కన పిడికిలంత ఈజీఆర్ వాల్వ్, దాని లోపల బొగ్గులా గట్టిపడిన మసి. దానికుండే చిన్న తలుపు సందులో మసిపెళ్ళ ఇరుక్కుని, వాల్వ్ సగం తెరుచుకునే ఉండిపోయింది.

"ఇది చేసే పని ఏమిటే?" అని అమ్మ అడిగింది.

"ఇంజన్ వదిలే పొగలో కొంచెం పట్టుకుని, అది పీల్చే గాలిలో మళ్ళీ కలుపుతుంది. ఆ పొగ ఇంక కాలదు కదా, అందుకని లోపల మంట మరీ వేడెక్కదు, బయటికి పోయే విషం తగ్గుతుంది. కాకపోతే బండి పరుగెడుతున్నప్పుడే ఇది తెరుచుకోవాలి. నిలబడి మెల్లగా తిరుగుతున్నప్పుడు మూసుకోవాలి. మూసుకోకపోతే, అసలే ఊపిరి తక్కువున్న సమయంలో పొగ మింగి ఇంజన్ కూలబడుతుంది."

నాన్న ముఖం చిట్లించాడు. "అంటే దాని ఎంగిలి పొగ మళ్ళీ దాని నోట్లోనే పెడతారా? ఎవడు కనిపెట్టాడే ఈ దరిద్రం!"

"కొలత ప్రకారం ఇస్తే మందేనండీ," అంది అమ్మ.

"మందూ లేదు, మాకూ లేదు. ఆ కన్నం మూసి పారెయ్యవే, పీడా పోతుంది."

"మూసేసేవాళ్ళు ఊరినిండా ఉన్నారు నాన్నా. ఒక రేకుముక్క అడ్డం పెట్టి పంపించేస్తారు. నిలబడ్డప్పుడు బాగానే ఉంటుంది. కొండెక్కేటప్పుడు లోపల వేడి పెరిగి టకటకా కొట్టుకుంటుంది. నా దగ్గర అలాంటి పనులు జరగవు."

ఈ చివరి వాక్యం కొంచెం గట్టిగానే అన్నాను. పక్క షెడ్డువాడు కూడా వినాలని.

వాల్వ్ విప్పి మసి కరిగించే మందులో నానబెట్టాను. ఇంజన్ వైపు రెండు కన్నాలుంటాయి, ఒకటి పొగ వచ్చేది, ఇంకొకటి పొగ లోపలికి పోయేది. గోకేటప్పుడు మసి లోపల పడకుండా మొదటిదాంట్లో గుడ్డ కుక్కాను. లోపలికి పోయే కన్నం మీద మందపాటి టేపు చదునుగా అంటించాను, ఎందుకంటే గుడ్డపీలిక లోపలికి జారితే ఇంజనే విప్పాలి. ఇంత జాగ్రత్తా పడ్డాక, వాల్వ్‌కూ ఇంజన్‌కూ మధ్య సందు లేకుండా వేసే అట్టలాంటి పాత గ్యాస్కెట్ గోకుతుంటే ముక్కలు ముక్కలై ఊడింది. స్పేర్ పార్టుల కొట్టువాడికి ఫోన్ చేస్తే, ఆ పాత మోడల్‌ది వచ్చేవారం తెప్పిస్తానన్నాడు.

"షీటు నా దగ్గరుంది, కోసుకోవాలి," అన్నాను.

నాన్న చొక్కా చేతులు మడిచాడు. "ఇలా తే."

మా నాన్న పుస్తకాలకు బైండింగ్ చేసేవాడు. రిటైరయ్యాడు గాని చెయ్యి రిటైరవ్వలేదు. ఆయన అట్ట కోస్తే వెంట్రుకవాసి తేడా రాదు. వేడికి తట్టుకునే షీటు తీసుకుని, వాల్వ్ కూర్చునే చోట ఇంజన్ మీద పరిచాడు. చిన్న సుత్తితో అంచుల వెంట తట్టుకుంటూ పోయాడు. కింద ఏ ఆకారం ఉందో పైన అచ్చు పడింది. దాన్ని బల్ల మీద పెట్టుకుని కత్తితో కోస్తుంటే, అమ్మ అటు తిరిగి ముసిముసిగా నవ్వుకుంది. ఆయన పని చేస్తుంటే చూడడం ఆమెకు ఇష్టమని నాకు తెలుసు.

అంతలో బయట ఒకాయన కారు దారికి అడ్డంగా ఆగిపోయిందని గోల. "టేపూ గుడ్డా తీసేసి ఉంచు నాన్నా, బోల్టులు నేనొచ్చి బిగిస్తా," అని పరుగెత్తాను. వచ్చేసరికి నాన్న టేపు తీశాడు, గుడ్డ తీశాడు, గ్యాస్కెట్ వేసి, కడిగిన వాల్వ్ కూర్చోబెట్టి, బోల్టులు చేత్తో తిప్పి కూడా పెట్టాడు. శభాష్ అనుకుని బిగించాను.

స్టార్ట్ చేశాను. తిరుగుతోందో లేదో చెవి పెట్టి వినాల్సి వచ్చింది, అంత నున్నగా తిరిగింది. బానెట్ దించి దాని మీద గ్లాసుడు నీళ్ళు పెడితే చుక్క తొణకలేదు. నాన్న లేని మీసం మెలేశాడు. నేను కూడా తక్కువేమీ తినలేదు, చేతులు కట్టుకుని పక్క షెడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం మమ్మల్నిద్దరినీ ఎక్కించుకుని అమ్మ ఊళ్ళో ఉన్న సిగ్నళ్ళన్నింటి దగ్గరా ఆగింది. ఇంజన్ ఆగలేదు. ప్రతి ఎర్రలైటుకూ ఆమె భుజాలు ఒక్కో బెత్తెడు కిందికి దిగి వదులయ్యాయి. "ఇంక కొండ కూడా చూసేద్దాం," అంది తనే. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

కొండ మొదటి మలుపులోనే మొదలైంది. అమ్మ కారును రెండో గేరులో పెట్టి యాక్సిలరేటర్ తొక్కగానే ముందు నుంచి గలగలమని చప్పుడు, డబ్బాలో మేకులు వేసి ఊపుతున్నట్టు. అమ్మ కాలు ఎత్తింది. పోయింది. తొక్కింది. వచ్చింది. వెడల్పున్న చోట చూసి, కారు వెనక్కి తిప్పి కిందికి తెచ్చేసింది.

"రోడ్డు మీద గులకరాళ్ళే," అన్నాడు నాన్న.

"గులకరాళ్ళు నా కాలు చూసి చప్పుడు చేస్తాయాండీ?" అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "మూసేస్తే కొండెక్కేటప్పుడు టకటకా అంటుందని నువ్వే అన్నావు కదే పొద్దున?"

"అది మూసేస్తే అమ్మా. నేను మూయలేదు, కడిగాను. నా చేతులతో కడిగాను. పెట్రోల్లో ఏదో తేడా ఉంటుంది."

ఇంటికి చేరాక అమ్మ లోపలికొచ్చి, తాళాలు మేకుకు తగిలించి, మా ఇద్దరి ఎదుటా నిలబడింది.

"ఆగిపోతే నా కాలి తప్పన్నారు. ఒప్పుకున్నాను. ఇప్పుడు చప్పుడొస్తే నా చెవి తప్పంటున్నారు. ఇంకా నాలో ఏమేం మిగిలాయి తప్పులు? రేపు ఫోన్ చేసి రానని చెప్పేస్తాను. నామీద నాకే నమ్మకం లేకుండా చేసే బండితో నేను కొండెక్కలేను."

నాకు ముఖం మీద కొట్టినట్టయింది. ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. నాన్న అంటున్న మాటనే నేను ఇంకో రకంగా అన్నాను, అంతే తేడా.

"పొద్దున్నే కారు మళ్ళీ తీసుకురా," అన్నాను. "నీ చెవిని నమ్మి విప్పుతాను. ఫోన్ తర్వాత చేద్దువుగాని."

శనివారం పొద్దున, నిన్ననే చెయ్యాల్సిన పరీక్ష చేశాను. ఇంజన్ తిరుగుతుండగా చేతికి తొడుగు వేసుకుని, వాల్వ్ అడుగున వేలు పెట్టి, లోపలి పొరను పైకి నెట్టడమే ఆ పరీక్ష. అలా చేస్తే తలుపు తెరుచుకుంటుంది, పొగ లోపలికి పోతుంది, ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోవాలి. ఆగిపోతేనే ఆరోగ్యం.

నెట్టాను. ఇంజన్ చీమ కుట్టినట్టు కూడా కదల్లేదు. ఇంకా గట్టిగా నెట్టాను. హాయిగా తిరుగుతోంది.

"ఆగట్లేదే, మంచిదేగా?" అన్నాడు నాన్న.

"మంచిది కాదు నాన్నా. పొగ పోవడం లేదు. ఎక్కడో మూసుకుపోయింది."

ఇంజన్ చల్లారాక వాల్వ్ విప్పాను. గ్యాస్కెట్ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాను. రెండు బోల్టు కన్నాలు, అద్దం అంచులంత నున్నగా. పొగ వచ్చే కన్నం, చక్కగా గుండ్రంగా. పొగ లోపలికి పోయే కన్నం లేదు. నేను టేపు అంటించిన చోట షీటు మీద అచ్చు పడలేదు. నాన్న ఉన్నది ఉన్నట్టు కోశాడు.

"నాన్నా, టేపు తీసినప్పుడు కింద కన్నం కనబడలేదా?"

"ఎందుకు కనబడలేదు? కనబడింది."

"మరి దాని మీద ఇది అడ్డంగా వేశావేం?"

"అట్ట ఉన్నదే మూయడానికి కదే!" అన్నాడు నాన్న, నాకు అంత కూడా తెలియనందుకు జాలిపడుతూ. జీవితమంతా పుస్తకాల మీద అట్టలు మూసిన మనిషి. ఆయనకు వేరే ఎలా తోస్తుంది?

ముందు నవ్వింది అమ్మే. నవ్వీ నవ్వీ టైర్ల మీద కూర్చుండిపోయింది. "నా దగ్గర అలాంటి పనులు జరగవు" అని నా గొంతు పెట్టి అనేసరికి నాకూ ఆగలేదు. రేకుముక్కలు పెట్టేవాళ్ళను తిట్టిన నోటితోనే, అంతకన్నా అందమైన మూత నా గ్యారేజీలోనే నేనే బిగించాను. పప్పులో కాలేశానని ఒప్పుకోక తప్పలేదు. నాన్న మాత్రం నవ్వలేదు. నా చేతిలోంచి గ్యాస్కెట్ తీసుకుని, వాల్వ్ మీద పెట్టి గుర్తుపెట్టుకుని, కత్తి మొన ఒక్కసారి చుట్టూ తిప్పాడు. చిన్న బిళ్ళ ఊడి కింద పడింది.

ఈసారి కన్నాలన్నీ నేను చూశాను, అమ్మ చేత చూపించాను, అప్పుడు బిగించాను. స్టార్ట్ చేశాను, నున్నగా తిరిగింది. వేలు పెట్టి నెట్టాను. ఇంజన్ దగ్గింది, వణికింది, చచ్చిపోయింది. ముగ్గురం ఒకేసారి అరిచాం. పక్క షెడ్డువాడు ఏం కొంప మునిగిందోనని పరుగెత్తుకొచ్చాడు.

మధ్యాహ్నానికి ఇంకా టైముంది. అమ్మ స్టీరింగ్ ముందు కూర్చుంది, మేమిద్దరం ఎక్కాం. కొండ మొదట్లో, బస్సు ఆగే చోట, ఆమె కారు పక్కకు తీసి ఆపింది.

"దిగండి ఇద్దరూ."

"ఎందుకూ?" అన్నాడు నాన్న.

"రోజూ మీరిద్దరూ పక్కన కూర్చుంటారా నాకు? దిగండి."

దిగాం. కారు మొదటి మలుపు ఎక్కింది. నేను చెవులు రిక్కించి విన్నాను. రెండో గేరు పడింది, ఇంజన్ బరువు లాగుతోంది, గలగలా లేదు, టకటకా లేదు. శుభ్రమైన గొంతు. ఆ గొంతు చెట్ల వెనక్కి పోయి వినబడకుండా పోయింది. నేను నిశ్చింతగా బస్టాపు అరుగు మీద కూర్చున్నాను. నా పని మీద నాకు నమ్మకం, అంతకుమించి మా అమ్మ మీద.

నాన్న కూర్చోలేదు. రోడ్డు మధ్యకు వెళ్ళి పైకి చూడడం, మళ్ళీ వచ్చి నిలబడడం.

"ఆగిపోయి ఉంటుందే."

"ఆగదు."

"పోనీ నేను నడిచి వెళ్ళి చూడనా?"

"కూర్చో నాన్నా. మొన్నటిదాకా ఆగిపోతుంటే నవ్వావుగా, ఇప్పుడేమైంది?"

నాన్న మళ్ళీ కొండ వైపు తిరిగాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు. "నవ్వలేదే. ఆగిపోతుంటే బావుందనుకున్నాను. పొద్దున పోతే చీకటిపడేదాకా ఆ కొండ మీదే ఉంటుంది కదా. ఇప్పుడైతే మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తుంది. అక్కడికెళ్తే ఎక్కడొస్తుంది? ఆ ఇంట్లో నేనొక్కణ్ణీ ఏం చెయ్యను?"

నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది, రెండూ ఒకేసారి. "ఈ మాట అమ్మతో ఎప్పుడైనా అన్నావా?"

"కారే ఆగిపోతుంటే నేను అనే అవసరం రాలేదే."

ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

చాలాసేపటికి పైనుంచి చప్పుడు వినబడింది. నాన్న నాకంటే ముందు లేచి రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. కారు మలుపు తిరిగి, మెల్లగా దిగి, ఆయన ముందు ఆగింది. ఇంజన్ తిరుగుతూనే ఉంది. అమ్మ అద్దం దించింది. ఆమె ముఖం అంతలా వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎక్కడైనా ఆగిందా?" అన్నాడు నాన్న.

"ఆగింది, ఆస్పత్రి గేటు ముందు. నేనే ఆపాను. లోపలికెళ్ళి సంతకం పెట్టి వచ్చాను."

నాన్న కిటికీ అంచు పట్టుకుని లోపలికి వంగాడు. ఏదో ఒక ఎకసెక్కెం ఆడతాడని నేను భయపడ్డాను.

"సాయంత్రం ఎన్నింటికి దిగుతావు రోజూ?"

"ఐదు దాటాక."

"అయితే ఐదింటికి బస్సెక్కి ఇక్కడికొచ్చి కూర్చుంటాను."

"ఎందుకండీ, పనీపాటా లేకపోతే సరి?"

"ఊరికే. ఇక్కణ్ణుంచి ఇంటిదాకా నీతో వస్తాను."

అమ్మ ఆయన వైపు కాసేపు చూసింది. నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది, ఆమెకు అంతా అర్థమైంది. ఊరి వైపు నుంచి ఎదురుగా వచ్చే బస్సును చూసుకుంటూ పక్క తలుపు గడియ తీసింది.

"రండి మరి," అంది. "ఇవాళ్టి నుంచే రండి."